కిర్రుచెప్పుల దెయ్యం

ఒకానొక రాజ్యం. పేరు మందారగిరి అనుకుందాం. అసలు పేరు చెబితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ మూతి ముడుచుకుంటారు, మనకెందుకొచ్చిన గొడవ!

ఆ రాజ్యాన్ని రణభైరవ భూపతి ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గాని, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నోట్లో ఒక బంగారు పన్ను, కాళ్ళకు కిర్రుచెప్పులు, చెవులదాకా పెంచిన మీసాలు. కుడిచెయ్యి ఎప్పుడూ కత్తిపిడి మీదే ఉండాలి కనుక మీసం ఎడమచేత్తోనే మెలేసేవాడు. దాంతో ఎడమ మీసం ఆకాశాన్ని చూస్తుంటే కుడి మీసం పాపం నేల చూపులు చూస్తుండేది. కొలువులో వాళ్ళందరికీ ఇది తెలుసు, చెప్పే గుండె ఎవరికీ లేదు. ఊళ్ళో జనానికైతే అంబారీ మీద, గొడుగు కింద, ఎక్కడో ఎత్తున ఊగుతూ పోయే దొర తప్ప దగ్గరి దొర తెలియనే తెలియదు.

ఆ కొలువులో ఓబళయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఉద్యోగం ఏమిటంటే చెప్పడం కొంచెం కష్టం. రాజుగారికి కోపమొస్తే చల్లార్చాలి, పొద్దుపోకపోతే కబుర్లు చెప్పాలి, రాజుగారు తప్పు చేస్తే తప్పు అనకుండానే తప్పని తెలిసేట్టు చెయ్యాలి. ఇందులో చివరిదానికే జీతమంతా సరిపోయేది.

నగరానికి పడమటి దిక్కున ఎత్తయిన గోడ కట్టిన పాత వల్లకాడు ఒకటుంది. పెద్దవాళ్ళను ఏటి ఒడ్డున దహనం చేస్తారు. ఈ పాత వల్లకాడు పసిబిడ్డలది. పళ్ళు రాని బిడ్డ పోతే రాజు బిడ్డకైనా రైతు బిడ్డకైనా చితి లేదు, మట్టే. పూడ్చి వచ్చిన తండ్రి వెనక్కి తిరిగి చూడకూడదు, మళ్ళీ ఆ గోడ దాటి లోపల అడుగుపెట్టకూడదు. అది ఆ ఊరి ఆచారం. కనుక ఆ మట్టిదిబ్బలన్నింటికీ దిక్కు గురవమ్మ అనే ముసలి కాటికాపరి ఒక్కతే.

ఓబళయ్య మాత్రం ఆచారం తప్పాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఆడపిల్ల, నామకరణం కూడా కాకుండానే పోయింది. ఆ బిడ్డను వదిలి రాగలిగాడు గాని వదిలి ఉండలేకపోయాడు. అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా వెళ్ళి, ఆ దిబ్బ పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఈ సంగతి ఆయన భార్య కొండమ్మకు కూడా తెలియదు.

ఇలా ఉండగా ఒకనాటి సాయంకాలం గేదె వీపు మీద కూర్చుని మందను తోలుకొస్తున్న ఒకడు ఆ గోడమీదుగా లోపలికి తొంగిచూశాడు. చూసి ఊళ్ళోకి వచ్చి, "వల్లకాట్లో ఎర్రపట్టు కట్టుకుని ఎవరో నిలబడి ఉన్నారు. ఖణేల్ ఖణేల్మని చప్పుడు కూడా అయింది" అన్నాడు.

అంతే! పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? మంగలి దుకాణం దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు ఇనప పళ్ళు కొరికిన చప్పుడయింది. చాకిరేవుకు చేరేసరికి ఆ పళ్ళకు నెత్తురంటుకుంది. కూరల అంగడి దాటేసరికి దెయ్యం ఇద్దరు పిల్లల్ని నమిలి మింగేసింది. ఎవరి పిల్లలయ్యా అంటే, ఏ వీధిలో అడిగినా పక్కవీధి వాళ్ళ పిల్లలనే చెప్పారు.

ఇక చూడాలి నగరం! గుమ్మం గుమ్మానికీ పాతచెప్పులూ చీపుళ్ళూ వేలాడాయి. పిల్లల్ని గదుల్లో పెట్టి గొళ్ళాలు వేశారు. పొద్దు వాలకముందే అంగళ్ళు మూతపడేవి. రోకళ్ళూ గడ్డపారలూ పట్టుకుని జనం రోజూ వల్లకాటి గోడ దాకా పోయేవారు. అక్కడికి పోయాక "తమరు ముందు" అంటే "అబ్బే, తమరే ముందు" అనుకోవడంతోనే సరిపోయేది. దెయ్యం మీదికి పోలేని పౌరుషమంతా చివరికి ఎవరి మీదికి పోయిందో చెప్పాలా? "ఈ ముసలిదే దెయ్యాన్ని పెంచుతోంది! చేతబడి చేస్తోంది!" అని గురవమ్మ గుడిసె మీద రాళ్ళు రువ్వారు. ఒక రాయి ఆమె నుదుటికి తగిలి నెత్తురు కారింది.

మరునాడు కొలువు తీరింది. భూపతి ఎడమ మీసం మెలేసి సెలవిచ్చాడు.

"మేము కూడా చూశాం. నిన్న పొద్దు వాలే వేళ మా మేడమీద నిలబడి కళ్ళారా చూశాం. ఎర్రపట్టు కట్టుకుని మా వంకే చూస్తోంది. మేము ఇలా ఒక్కసారి మీసం మెలేశాం. చూసుకో, గడగడ వణికి పరుగో పరుగు!"

"ఆహా! ఏలినవారి మీసానికి సాటి ఏది!" అన్నారు కొలువువాళ్ళు ఒక్క గొంతుతో.

"వచ్చే శుక్రవారం ఆ వల్లకాటిని గాడిదలతో దున్నించి ఆముదాలు చల్లించండి. ఆ ముసలిదానికి బోడిగుండు కొట్టించి, గాడిద మీద ఊరేగించి, పొలిమేర దాటించండి."

ఓబళయ్య చివాలున తలెత్తాడు. గాడిదలతో దున్నిస్తారట! నాగలి కర్రు ఎక్కడెక్కడ దిగుతుందో, ఏ మట్టిలోంచి ఏమేం పైకి లేస్తాయో ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాడు, తన తల పోయినా సరే, ఆ నాగలి మాత్రం అక్కడ దిగకూడదని.

"మహాప్రభూ, చిన్న మనవి" అన్నాడు.

"దెయ్యం లేదంటావు. అంతేనా?" భూపతి కళ్ళెర్రజేశాడు. "మా తాతగారు శిలాశాసనం వేయించారు. ముగ్గురు మనుషులు కర్పూరం ఆర్పి, కళ్ళారా చూశామంటే అది నిజం! ఈ ఊళ్ళో ముగ్గురు కాదు, మూడువేల మంది చూశారు. కాదన్నావో, ముసలిదాని వెనక రెండో గాడిద నీకు!"

"శివశివ! ఏలినవారే చూశాక లేదనడానికి నాకెన్ని తలలు? నా బాధల్లా వేరు. వట్టి దొంగను పట్టాలన్నా ఆనవాళ్ళు కావాలి కదా! ఆనవాళ్ళు తెలియకుండా దున్నేస్తే ఈ దెయ్యం తప్పించుకుని మరో పేటలో కాపురం పెడుతుందేమో. శుక్రవారం దున్నేముందు అక్కడే, పట్టపగలు, కొలువు తీర్చండి. దున్నబోయే నేలకు ఇక ఆచారం అడ్డు లేదు. శాసనం ప్రకారం ముగ్గురు సాక్షులను నేను ప్రవేశపెడతాను. ఆనవాళ్ళు తేలాక ప్రభువుల చిత్తం."

వల్లకాట్లో కొలువనగానే భూపతి సింహాసనంలో అటూ ఇటూ కదిలాడు. కాని మీసం మెలేసి తరిమానని చెప్పిన నోటితో రానని ఎలా అంటాడు? "ఊఁ, సరే!" అన్నాడు.

ఓబళయ్య కొలువునుంచి తిన్నగా గురవమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె నుదుటికి పసుపు అద్దుకుని, పగిలిన కుండతో మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"వచ్చినావా బాబూ! మీ పాప కాడ బంతి ఏసినా. మొగ్గ తొడిగింది, చూసిపో" అంది.

చూశాడు. ఆ చిన్న దిబ్బ చుట్టూ బంతిమొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. వంగి ఒక మొగ్గను వేలి కొసతో తాకాడు. తర్వాత, "అవ్వా, ఆ ఎర్రపట్టు దెయ్యం సంగతేమిటి?" అని అడిగాడు.

గురవమ్మ నవ్వి, ఆయనను గోడ మలుపు అవతలికి తీసుకుపోయింది. అక్కడ ఒక నిలువెత్తు కర్ర బొమ్మ ఉంది. తలకు సున్నపు బొట్లు పెట్టిన కుండ, ఒంటికి వెలిసీ వెలియని ఎర్రపట్టు, చేతులకు వేలాడుతూ పాత గుర్రపు లాడాలూ విరిగిన కొడవలి ముక్కలూ. గాలి వీచినప్పుడల్లా ఖణేల్ ఖణేల్!

"నక్కలొచ్చి బిడ్డల్ని తవ్విపోతన్నాయి బాబూ. రేతిరంతా కర్ర పట్టుకుని కూకోడానికి నాకింక ఓపిక లేదు. అందుకని ఈ బొమ్మను నిలబెట్టినా. ఈ బొమ్మ నిలబడినకాడ్నుంచి ఒక్క నక్క గోడ దూకలేదు."

ఓబళయ్య ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు. ఊరంతా తమ పిల్లల్ని తినేస్తోందని వణికిపోతున్నది, వాళ్ళ పిల్లలకు కాపలా కాస్తున్న ఈ కుండతల వాణ్ణి చూసా!

"ఈ మాట అందరికీ చెప్పరాదా బాబూ?" అంది గురవమ్మ.

"చెబితే నమ్ముతారా అవ్వా? బొమ్మ అంటే, దెయ్యం బొమ్మలో దూరిందంటారు. నువ్వే దూర్చావంటారు. భయపడ్డవాడికి నిజం చెబితే ఎక్కదు. ముందు వాళ్ళ అబద్ధం వాళ్ళకే కనబడాలి" అన్నాడు ఓబళయ్య.

ఆ రోజే ఆయన ఊళ్ళో షికారు మొదలుపెట్టాడు. తెలికలవీధిలో గానుగ దగ్గర ఆగి, "దెయ్యం వచ్చేముందు కిర్రు కిర్రుమని చెప్పుల చప్పుడవుతుందట, నిజమేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. తమలపాకుల అంగడిలో ఆకులు తీసుకుంటూ, "పళ్ళన్నీ ఇనపవేనట గాని, పైవరసలో ఒకటి బంగారుదట!" అని నిట్టూర్చాడు. పురోహితుల వీధి మొగలో నిలబడి, "దానికి మీసాలు కూడా ఉన్నాయట. ఎడమది పైకి, కుడిది కిందికి. ఎడమచేత్తో మెలేస్తుందట" అని తనలో తాను గొణుక్కున్నట్టు గొణిగాడు. ఒక్కో మాట ఒక్కో చోట, అంతే. తర్వాత ఇంటికి పోయి కొండమ్మ పెట్టిన పులుసన్నం తిని పడుకున్నాడు.

మిగతా పనంతా నగరమే చేసిపెట్టింది. రెండు రోజులు తిరిగేసరికి మూడు మాటలూ కలిసి, చిలవలు పలవలు వేసి, ఊరంతా అల్లుకుపోయాయి. ఆయన ఇంటి గుమ్మంలోకే పెరుగమ్మే మనిషి వచ్చి, "అయ్యా, జాగ్రత్త! బంగారు పన్ను నేను కళ్ళారా చూశాను" అని ఆయనకే చెప్పిపోయింది. కొలువులో ఒకరిద్దరికి అనుమానం తగలకపోలేదు. తగిలినా, ఎవరి తల వాళ్ళకు బరువా?

శుక్రవారం పొద్దెక్కింది. వల్లకాట్లో పందిరి వేశారు. గోడచుట్టూ, గోడమీదా ఊరంతా విరగబడింది. ఒకపక్క దున్నడానికి గాడిదలు, ఆముదాల బస్తాలు. ఇంకోపక్క చేతులు కట్టేసి నిలబెట్టిన గురవమ్మ, ఆమె పక్కన కత్తి నూరుకుంటున్న మంగలి. భూపతి సింహాసనం మీద కూర్చుని, ఎటు గాలి వీచినా అటు ఉలిక్కిపడుతున్నాడు.

ప్రభువుల ఎదుట సాక్షి తలెత్తకూడదని మర్యాద. మొదటి సాక్షి గానుగ పుల్లయ్య వచ్చి, తల వంచుకుని, వెలుగుతున్న కర్పూరం అరచేత్తో ఆర్పాడు.

"కళ్ళారా చూశాను మారాజా! అది వచ్చేముందు కిర్రుచెప్పుల చప్పుడవుద్ది. కిర్రు, కిర్రు, కిర్రు."

భూపతి కాళ్ళు మెల్లగా సింహాసనం కిందికి పోయాయి.

తర్వాత తమలపాకుల నాంచారమ్మ కర్పూరం ఆర్పింది. "నేను ఇంకా దగ్గర్నించి చూశాను ప్రభూ! పళ్ళన్నీ ఇనపవి. పైవరసలో ఒక్కటి మాత్రం బంగారం. తళుక్కుమంది!"

ఏదో అడగబోయి నోరు తెరిచిన భూపతి టక్కున మూసేశాడు. అప్పటినుంచి మూసిన నోటితోనే "ఊఁ, ఊఁ" అంటూ వచ్చాడు.

మూడోవాడు పురోహితుడు నరహరిభట్టు. "మహాప్రభూ, దాని మీసాలు వర్ణించడానికి వెయ్యి నాలుకలు చాలవు. వామభాగం ఊర్ధ్వముఖం, దక్షిణభాగం అధోముఖం. వామహస్తంతో మాటిమాటికీ మెలేయును!"

సరిగ్గా ఆ క్షణాన భూపతి ఎడమచెయ్యి ఎడమ మీసం మీదే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చెయ్యి ఉలిక్కిపడి కిందికి దిగింది. అలవాటు పాడుగాను, మళ్ళీ పైకి పోయింది. గోడమీద జనంలో గుసగుస లేచింది.

"శాసనం ప్రకారం ముగ్గురూ ఒక్కలాగే చెప్పారు" అన్నాడు ఓబళయ్య గట్టిగా. "ఇక తిరుగు లేదు. సాక్షులారా, ఇప్పుడు తలలెత్తి చూడండి. ఈ ఆనవాళ్ళున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే చూపించండి!"

ముగ్గురూ తలలెత్తారు. ఎదురుగా ఎడమ మీసం ఆకాశంలోకి, కుడి మీసం నేలలోకి.

"ఓబళయ్యా!" అని గర్జిస్తూ భూపతి లేచాడు. బంగారు పన్ను తళుక్కుమంది. నాలుగడుగులు ముందుకు వేశాడు. కిర్రు, కిర్రు, కిర్రు, కిర్రు.

"ఓరి నాయనో, అదే చప్పుడు!" అని పుల్లయ్య అక్కడికక్కడే కూలబడ్డాడు.

"నన్నే దెయ్యాన్ని చేస్తావా?" భూపతి కత్తి సగం దూశాడు. "వీళ్ళు ముగ్గురూ అబద్ధాలకోరులు!"

సాక్షులు ముగ్గురూ బొక్కబోర్లా పడ్డారు. "తప్పయింది మహాప్రభూ! మేం చూడలేదు. మావాళ్ళు చెబితే విన్నాం!" "మా వదిన చెప్పింది!" "మా వీధిలో అందరూ అంటుంటే నేనూ అన్నాను!"

"ఆ మాటలు పుట్టించినవాణ్ణి నేనే" అన్నాడు ఓబళయ్య. చేతులు జోడించాడు. "నా తల తీయించండి ప్రభూ, రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా! కాని ముందు ఒక్క మాట వినండి. కోట ఉంది, సేన ఉంది, కిరీటం ఉంది తమకు. అలాంటి తమరిని ఈ ఊరు రెండు రోజుల్లో దెయ్యాన్ని చేసి కూర్చోబెట్టింది. ఏమీ లేని ఈ ముసలిదాన్ని చేతబడి మనిషిని చెయ్యడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఈ ముగ్గురి మాట అబద్ధమైతే ఆ మూడువేల మంది మాటా అబద్ధమే. ఆవిడ కట్లు విప్పించండి."

గోడమీద రాళ్ళు తెచ్చుకున్నవాళ్ళు వాటిని మెల్లగా అవతలికి జారవిడిచారు.

భూపతి కత్తి ఒరలోకి పోయింది. కట్లు విప్పమని భటులకు సైగ చేశాడు. తర్వాత ఓబళయ్య చెవి దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "ఒరే ఓబళయ్యా, మరి నేను చూసిందేమిటి? ఎర్రపట్టు నిజంగానే చూశానురా."

"ఏలినవారు చూసింది అక్షరాలా నిజం. రండి, గురవమ్మే చూపిస్తుంది."

కుండతల బొమ్మ ముందు కొలువువాళ్ళు నిలబడ్డారు. గురవమ్మ నక్కల సంగతి చెప్పింది. వింటున్నకొద్దీ జనం ఒక్కొక్కరే గోడ దిగి, ఏళ్ళ తరబడి తొక్కని నేలమీదికి వచ్చారు. ఎవరి బిడ్డ ఎక్కడ ఉందో వెతుక్కుంటూ దిబ్బల మధ్య తిరగసాగారు. ఏ దిబ్బ చూసినా మొక్కలు పచ్చగానే ఉన్నాయి.

భూపతి మాత్రం ఆ పట్టుగుడ్డ అంచు పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. వెలిసిపోయిన జరీలో చిన్న చిన్న హంసలు.

"ఈ పట్టు ఎక్కడిది?" అన్నాడు.

"శవం మీద గుడ్డ కాటికాపరిదే కదా దొరా, ఆచారం" అంది గురవమ్మ తల వంచుకుని. "చిన్నదొరను ఇందులోనే సుట్టి తెచ్చినారు. కట్టుకోడానికి నాకు మనసు రాలా. అమ్ముకోడానికీ రాలా. ఇంతమంది బిడ్డలకు కాపలా కాసేవాడికి కట్టినా. చిన్నదొర అదిగో, ఆ గన్నేరు కింద."

భూపతి ఆ వంక చూశాడు. తొలిచూలు కొడుకును మట్టిలో పెట్టి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయి, చివరికి ఆ నేలనే దున్నించబోయిన తండ్రి, ఇన్నేళ్ళకు ఇప్పుడు చూశాడు. కిర్రుచెప్పులు విప్పి పక్కన పెట్టాడు. వట్టికాళ్ళతో గన్నేరు దాకా నడిచి, ఆ దిబ్బ మీద చెయ్యి ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.

చివరికి కళ్ళు తుడుచుకుని లేచి, బొమ్మ పక్కగా వస్తుండగా ఒక్కసారి గాలి విసిరింది. ఖణేల్!

"అమ్మో!" అంటూ రణభైరవ భూపతి ఒక్క గెంతు గెంతి ఓబళయ్య మెడ కావలించుకున్నాడు.

జనం బిగుసుకుపోయారు. నవ్వితే తలలుండవు. ఓబళయ్య మెడమీదున్న చేతులు మెల్లగా వదులయ్యాయి. భూపతి బొమ్మకేసి చూశాడు, తన వట్టికాళ్ళకేసి చూసుకున్నాడు. కడుపులో ఎక్కడో మొదలైన నవ్వు మీసాలను ఊపుకుంటూ బయటికి వచ్చింది.

"నేను మీసం మెలేస్తే పారిపోయిందన్నానే! ఇది నిలబెట్టిన చోటునుంచి అంగుళం కదల్లేదు కదరా! పారిపోయి మేడ దిగింది నేనే!" అని పగలబడి నవ్వాడు. అప్పుడు ఊరంతా నవ్వింది. కూలబడ్డ పుల్లయ్య కూడా లేచి నవ్వాడు.

"కోరుకో ఓబళయ్యా! ఏం కావాలన్నా ఇస్తాను" అన్నాడు భూపతి.

"ఆ గాడిదలను ఇప్పించండి ప్రభూ. దున్నడానికి కాదు, ఏటినుంచి ఈ మొక్కలకు నీళ్ళు మోయడానికి. గురవమ్మ పగిలిన కుండతో ఎంతకని పోస్తుంది? ఆముదాలు కూడా ఉంచెయ్యండి. పుల్లయ్య గానుగ ఆడితే దిబ్బలమీద దీపాలకు నూనె అవుతుంది. కన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదనే ఆచారం మాత్రం ఈ రోజుతో రద్దు చెయ్యండి."

"చేశాం!" అన్నాడు భూపతి. గురవమ్మకు జీవితాంతం రాజుగారి వంటింటినుంచి భోజనం, గుడిసె బదులు పెంకుటిల్లు, సాక్షులు ముగ్గురికీ గాడిదలు తోలే పని. పక్కన విడిచిన తన కిర్రుచెప్పులు తెచ్చి ఓబళయ్య చేతిలో పెట్టి, "ఇవి నీకు. తొడుక్కుని నా ముందు నడువు. నేను వస్తున్నానని ఇక ఈ కిర్రుతో నువ్వే చెప్పాలి" అని మళ్ళీ నవ్వాడు.

ఓబళయ్య ఇంటికి వచ్చేసరికి కొండమ్మ గుమ్మంలో ఎదురైంది.

"రాజుగారు ఏమిచ్చారండీ?"

"చెప్పుల జత. గాడిదల్ని కూడా అడిగాను."

"ఎందుకూ, ఇంట్లో ఒకటి ఉందిగా!" అంది కొండమ్మ ఆయనను ఎగాదిగా చూసి.

ఓబళయ్య నవ్వలేదు. "కొండమ్మా, పాప దగ్గర బంతి మొగ్గ తొడిగింది" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి, చిన్న రాగిచెంబు నిండా నీళ్ళు పట్టుకుని వచ్చి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, "నడవండి, నాకు చూపించండి" అంది.